చిన్న ఉపగ్రహములు - స్వదేశ చోదకము

2024వ సంవత్సరము ఏప్రిలు నెలలో అంతరిక్ష శకలములనుగూర్చి విచారించు వివిధ దేశముల సంస్థలు బెంగుళూరున సమావేశమైనప్పుడు మన అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇస్రో) యొక సంకల్పమును ప్రకటించినది. ప్రభుత్వమువారు గాని, ప్రభుత్వేతరులు గాని, భారతీయులు జరుపు అంతరిక్ష యాత్రలన్నియు 2030వ సంవత్సరమునాటికి శకలరహితములు గావలెనన్నదే యా సంకల్పము. దానిని మేమును ప్రశంసించుచున్నాము. కాని ప్రశంసతో దీరిపోవు విషయము కాదిది. పనిదీరిన యుపగ్రహమును దారికడ్డము రాకుండ దించివేయవలయునన్నచో దానిని కదలించు యంత్రమొకటి దానియందే యుండవలయును. చిన్న యుపగ్రహములు గట్టు మన యువకులకు ఆ యంత్రమెచ్చట దొరకును? ఎంత వెలకు దొరకును? సంకల్పము చెప్పినవారు ఈ ప్రశ్నకు గూడ సమాధానము చెప్పవలసియున్నది.

చిన్న యుపగ్రహమనగా నేమో కొంత వివరింతుము. 1999వ సంవత్సరమున అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి బాబ్ ట్విగ్సును, కాలిఫోర్నియా పాలిటెక్నిక్కునందలి జోర్డి ప్విగ్-సువారియు విద్యార్థుల శిక్షణకై యొక కొలతను నిర్ణయించిరి. నిడివి, వెడల్పు, ఎత్తు పదేసి సెంటిమీటర్లు. బరువు రమారమి యొక కిలో. దీనికే క్యూబ్‌శాట్ అని పేరు. ఇట్టి పెట్టెలను రెండుగనో, మూడుగనో, పండ్రెండుగనో కూర్చి పెద్దవి చేసికొనవచ్చును. విద్యార్థుల యాటవస్తువుగా బుట్టిన దీనిని నేడు వర్తకులును ప్రభుత్వములును గూడ వాడుచున్నారు. అయితే పుట్టుకనాటి లోపమొకటి దీనిని విడువలేదు. ఒకే రాకెట్టులో ప్రక్కప్రక్కన బోవు కోట్ల విలువగల పెద్ద యుపగ్రహములకు హాని కలుగకుండుటకై తొలినాటి నిబంధనలు ఇందు ప్రేలుడు పదార్థములను నిషేధించినవి. వాయుపాత్రలలోని యొత్తిడి భూమిమీది గాలి యొత్తిడికి ఒకటింబావు వంతు మించరాదనియు దాదాపుగా శాసించినవి. అనగా చోదక యంత్రమునకు దాదాపు తలుపు మూసినట్లే. ఇందుచే చిన్న యుపగ్రహములు పెక్కు సంవత్సరములు నీటిలో వైచిన బెండ్లవలె, ఎచ్చట విడిచిన నచ్చటనే తేలుచు పోయినవి.

2017వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన మన శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు నూటనాలుగు ఉపగ్రహములను ఒక్కమారు గొనిపోయినది పాఠకులకు జ్ఞాపకముండకపోదు. అందు నూటయొకటి విదేశములవి. వానిలో ఎనుబదియెనిమిది ప్లానెట్ అను అమెరికను సంస్థవారి ‘డవ్’లు, ఒక్కొక్కటి సుమారు అయిదు కిలోల బరువుగలవి. వీనికి చోదక యంత్రములు లేవు. అయినను అవి భూమిచుట్టును వరుసదీరి నిలువవలయును. అందులకు వారు చేసిన యుపాయము విననర్హము. అంత యెత్తున గూడ గాలి లేశమాత్రముగా గలదు. ఉపగ్రహము తన రెక్కలను గాలికెదురుగా త్రిప్పినచో కొంత క్రుంగి ముందునకు బోవును. ప్రక్కకు ద్రిప్పినచో వెనుకబడును. తెరచాపతో పడవ నడపినట్లు నెలల తరబడి రెక్కలు ద్రిప్పి వారు వరుస దీర్చుకొనిరి. మెచ్చదగిన నేర్పే. కాని ఈ యుపాయముతో క్రిందికి దిగుటయే గాని పైకెక్కుట లేదు; ఎదుటినుండి మరియొకటి వచ్చుచున్నప్పుడు తటాలున తప్పుకొనుటయు లేదు.

2021వ సంవత్సరము జనవరి 24న అమెరికాలో స్పేస్‌ఎక్స్ సంస్థ ఒక్క రాకెట్టులో నూటనలుబదిమూడు ఉపగ్రహములను పంపి శ్రీహరికోట సంఖ్యను దాటినది. ఇట్టి యుమ్మడి ప్రయాణములవలన కిరాయి తగ్గినది నిజమే. కాని రైలు మనలను స్టేషనులో దింపునుగాని యింటి గుమ్మమున దింపదు. అచ్చటినుండి జట్కా కావలయును. పంటభూముల ఛాయాచిత్రములు దీయు నుపగ్రహము ప్రతిదినము ఒకే వేళకు ఒకే తీరున పొలముమీదికి వచ్చినగాని నేటి చేనిని పోయినవారపు చేనితో సరిపోల్చుటకు వీలుండదు. ఆ వేళను నిలుపుకొనుటకు అపుడపుడు కక్ష్యను దిద్దుకొనవలయును. కిరాయి చౌకయైనకొలది జట్కా యవసరము హెచ్చినది.

ఇక శాసనముల సంగతి. 2009వ సంవత్సరము ఫిబ్రవరి 10న సైబీరియాకు పైన పనిచేయుచున్న యొక అమెరికను ఇరిడియం ఉపగ్రహమును, చచ్చి తిరుగుచున్న యొక రుష్యా కాస్మోస్ ఉపగ్రహమును ఢీకొని రమారమి రెండువేల పెద్ద శకలములైనవి. అప్పటికి, ఉపగ్రహము పనిదీరిన యిరువదియైదేండ్లలో దిగిపోవలెనను మర్యాద మాత్రముండెను. 2022 సెప్టెంబరు 29న అమెరికా సమాచార నియంత్రణ సంఘమువారు ఆ గడువును అయిదేండ్లకు కుదించిరి. వారి విపణిలో సేవలమ్మదలచు పరదేశీయులకును ఈ నిబంధన తగులును. నాలుగువందల కిలోమీటర్ల యెత్తున నున్నదానిని గాలియే యెట్లో దించివేయునుగాన ప్రతి చిన్న యుపగ్రహమునకును యంత్రము కావలయునని మేము వాదింపము. విద్యార్థులు కొన్ని మాసముల పరీక్షకు బంపు పెట్టెకు అది వృథావ్యయము. ఆరేడువందల కిలోమీటర్ల యెత్తున సంవత్సరముల తరబడి పనిచేయదలచిన దానికి మాత్రము యంత్రము లేకుండుట యికమీద చెల్లదు.

యంత్రములెన్ని విధములో, వానిలో మనకు దగినదేదో తెలిసికొనుటకు కొంచెము లెక్క వేయక తప్పదు. రష్యను పండితుడు త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రకటించిన సూత్రమే యిందులకు నేటికిని ఆధారము. వెనుకకు విడుచు పదార్థమెంత వేగముగా బోవునో యంత తక్కువ పదార్థముతో పని జరుగును. పది కిలోల యుపగ్రహమొకటి తన జీవితకాలమున మొత్తముమీద సెకండునకు నూరు మీటర్ల వేగపు మార్పు కోరినదనుకొందము. పాత్రలో నదిమిన వాయువును ఊరక విడుచు యంత్రమైనచో ఆ పదింటిలో కిలోన్నర వాయువే యగును. రసాయనమును విచ్ఛిన్నముచేసి వేడివాయువుగా విడుచు యంత్రమునకు నాలుగువందల ముప్పది గ్రాములు చాలును. అణువులను విద్యుత్తుచే విడదీసి తరుము విద్యుచ్చోదక యంత్రమునకు ఎనుబదియైదు గ్రాములకు మించదు. ఇంతవరకు విన్నవారు విద్యుద్యంత్రమే మేలనుకొందురు. కాని దాని నెట్టుడు బహుస్వల్పము. ఒక మిల్లీన్యూటను బలమనగా అరచేతిలో నాలుగైదు బియ్యపుగింజల బరువంత. ఆ బలముతో పై మార్పు సాధింపవలెనన్నచో పదునొకండున్నర దినములు రేయుంబవళ్లు ఎడతెగక నడుపవలయును. ఎదుటినుండి శకలము వచ్చుచున్నదని యొక పూట ముందు తెలిసినప్పుడు ఈ బియ్యపుగింజల బలము ఏమాత్రమక్కరకు వచ్చునో చెప్పలేము.

విద్యుద్యంత్రములు క్రొత్తవి కావు. హాల్ యంత్రమును సోవియట్టులు 1971 డిసెంబరులో పంపిన మెటియోర్ ఉపగ్రహమునందే వాడిరి. చిక్కంతయు అందు వాడు వాయువునందున్నది. అందరును కోరునది జెనాన్. దాని యణువు బరువైనది, సులువుగా విద్యుదావేశమొందును. కాని కోటి లీటర్ల గాలిని వడపోసినను అందు జెనాన్ ఒక లీటరైనను లేదు. ఉక్కు కర్మాగారములకు ఆమ్లజనినొసగు పెద్ద వాయువిభజన యంత్రములకు అనుబంధముగా మాత్రమే దీనిని దీయుట గిట్టును. రుష్యా, ఉక్రెయిను దేశములనుండి వచ్చు సరుకు 2022లో యుద్ధముచే చిక్కులబడగా దీని వెల మండిపోయినది. 2021 ఏప్రిలులో కోవిడు రోగులకై మన విశాఖ ఉక్కు కర్మాగారమునుండి రైళ్లపై దూరదేశములకు ఆమ్లజని పోయినది ఆంధ్రులు మరచి యుండరు. గాలినుండి ఆమ్లజనిని విడదీయు నట్టి మహాయంత్రములు మనకు గలవు. వానికి మరికొంత సామగ్రి చేర్చి అరుదైన వాయువులను గూడ దీయవచ్చునా, తీసిన గిట్టునా యను విషయమును నిపుణులచే విచారింపజేయుట ఉక్కుశాఖవారి బాధ్యత.

స్పేస్‌ఎక్స్‌వారు ఈ జెనాన్ బెడదను మరియొక విధముగా దప్పించుకొనిరి. 2019లో పంపిన స్టార్‌లింకులలో క్రిప్టాన్‌ను, 2023 ఫిబ్రవరినుండి క్రొత్తవానియందు ఆర్గాన్‌ను వాడిరి. ఆర్గాన్ గాలిలో నూటికి దాదాపు ఒకవంతు గలదు. లోహములనతుకు దుకాణములలో గూడ దొరకును. అట్లయిన మనమును ఆర్గాన్‌నే వాడరాదా యని యడుగవచ్చును. వాడవచ్చును గాని, ఆర్గాన్ తేలిక యణువు. దానిని విద్యుదావేశితము చేయుటకు శక్తి హెచ్చుగా గావలయును. ఆ స్టార్‌లింకు యంత్రము నాలుగువేల వాట్లకు పైబడి విద్యుత్తును గ్రహించును. మన పది కిలోల పెట్టె రెక్కలకు అందు నూరవవంతు లభించినను భాగ్యమే. ధనికుని యింటి కమరిన దీపము గుడిసెకు అమరదు. చిన్నవానికి చిన్నవారే దారి కనుగొనవలయును.

అట్టి దారులను రెండింటిని ఇతరులు చూపియున్నారు. ఫ్రాన్సునందలి త్రస్ట్‌మీ అను చిన్న సంస్థవారు అయోడిన్‌తో నడచు విద్యుద్యంత్రమును గట్టి, 2020 నవంబరులో చైనా ఉపగ్రహమొకదానియందు బంపి, మరుసటి సంవత్సరము ‘నేచర్’ పత్రికలో ఫలితములను ప్రకటించిరి. మన యుప్పులో గలుపుటకు వాడు అయోడినే యిది. జెనాన్‌తో దాదాపు సమానమైన బరువుగల యణువు, పైగా ఘనపదార్థము. ఒత్తిడిపాత్ర యక్కరలేదు. వేడిచేసిన చాలును, కర్పూరమువలె ఆవిరియగును. లోహములను దినివేయు స్వభావము దీని దోషము. రెండవ దారి నీరు. 2022 నవంబరులో అమెరికావారి ఆర్టెమిస్ రాకెట్టుపై జపానువారు పంపిన ఈక్యులియస్ అను చిన్న నౌక నీటియావిరిని విడుచుచు చంద్రునికావలి పథమున దారి దిద్దుకొనినది. నీటికంటె నిరపాయమైనది, చౌకయైనది మరియొకటి లేదు. దాని నెట్టుడు మాత్రము తక్కువ.

ఇన్నియు జెప్పిన పిమ్మట పాఠకులు గ్రహింపవలసిన దొకటి గలదు. ఈ యంత్రములు ప్రియమగుట లోహముచే గాదు, ఇంధనముచే గూడ ముఖ్యముగా గాదు. వెలయంతయు జాగ్రత్తలోను, పరీక్షలోను, కొలదిసంఖ్యలో చేయుటలోను గలదు. ఉపగ్రహములలో చిరకాలమునుండి వాడు హైడ్రజీను విషద్రవము. దానిని నింపువారు ఆపాదమస్తకము కవచము ధరించి వేరుగా దెచ్చుకొన్న గాలిని బీల్చుచు పనిచేయవలయును. ఆ చుట్టుప్రక్కల తక్కిన పనులన్నియు నిలిచిపోవును. రెండువందల గ్రాములు నింపినను ఈ తంతు తప్పదు. ఇందుచేతనే స్వీడనువారు 2010లో ప్రిస్మాయందును, అమెరికావారు 2019లో మరియొక యుపగ్రహమునందును విషము తక్కువైన ‘హరిత’ ఇంధనములను బరీక్షించిరి. హరితమన్న పేరుచూచి దీనిని పర్యావరణ వ్రతముగా దలచు వారున్నారు. వస్తుతః ఇది కూలిఖర్చును దగ్గించు వర్తకయుక్తి.

పరీక్ష మాట మరింత ముఖ్యము. విద్యుద్యంత్రము వేలగంటలు నడువవలయును; గాలిలేని పెద్ద పాత్రలో నుంచి భూమిమీదనే యంతకాలము నడిపి చూచినగాని నమ్మరాదు. నాసావారు డీప్ స్పేస్ ఒకటి అను నౌకకు చేసిన యంత్రమునకు జతగా నున్న దానిని 30,352 గంటలు నడిపి చూచిరి. అయిదేండ్లు పట్టినది. చిన్నవానికి అంత యక్కరలేదుగాని, కొంతైనను లేక తీరదు. ఈ ఖర్చును మిగిల్చుకొనదలచినవారి గతి యెట్లుండునో లూనార్ ఫ్లాష్‌లైట్ కథ చెప్పును. పెట్టెప్రమాణముగల యా నాసా నౌకను 2022 డిసెంబరు 11న చంద్రునికై పంపిరి. త్రిమితీయ ముద్రణచే జేసిన యింధననాళములుగల క్రొత్త హరితచోదకము దానిది. నాళములలో నలుసులు చిక్కుకొన్నవో యేమో, నెట్టుడు చాలలేదు. నౌక తక్కిన విషయములన్నిటను ఆరోగ్యముగనే యుండెను, చంద్రునిమాత్రము చేరలేకపోయినది. 2023 మే నెలలో యాత్రను చాలించిరి. నాసావంటి సంస్థకే యిట్లైనప్పుడు, ముప్పదిమంది యువకులు అప్పుదెచ్చి నడుపు సంస్థకు ఒక్క నలుసు ఎంతపని చేయునో యోచింపుడు.

మనదేశమున ఈ పనికి పూనుకొన్నవారు లేకపోలేదు. ప్రైవేటువారికి ద్వారములు దెరచుటకు 2020లో ఇన్‌స్పేస్ అను సంస్థ యేర్పడినది. 2023లో అంతరిక్ష విధానము ప్రకటితమైనది. బెంగుళూరునందలి బెల్లాట్రిక్సువారు ‘రుద్ర’ యను హరితచోదకమును, ‘అర్క’ యను హాల్ యంత్రపు ముఖ్యభాగమును 2024 జనవరి 1న పి.ఎస్.ఎల్.వి. సి-58 పై పంపిరి. బొంబాయినందలి మనస్తువారు హైడ్రోజన్ పెరాక్సైడు నాధారముగా గొన్న ‘వ్యోమ్’ యంత్రమును 2024 డిసెంబరు 30న సి-60 పై పంపిరి. వైద్యులు పుండ్లు కడుగుటకు వాడు పెరాక్సైడునే గాఢముగా జేసి వాడుట యిందలి కిటుకు. మన హైదరాబాదునందలి ధ్రువ సంస్థవారు స్వయముగా చిన్న యుపగ్రహములను గట్టి 2022 నవంబరు 26న రెండింటిని కక్ష్యకు జేర్చిరి.

ఈ పరీక్షలకు ఇస్రోవారు చూపిన యుపాయము మిక్కిలి కొనియాడదగినది. రాకెట్టు నాలుగవయంచె తన పని ముగించిన పిదప వ్యర్థముగా దిరుగుటకు మారు, దానికే విద్యుత్తును, దిశానియమమును గల్పించి, పరీక్షావేదికగా నిచ్చుచున్నారు. ‘పోయెమ్’ అని దాని పేరు. 2022 జూన్‌లో ఆరంభమైన యీ వేదికపై సి-60 నాటికి ఇరువదినాలుగు పరికరములు చోటుచేసికొన్నవి. పరీక్షలు ముగిసిన పిదప ఆ యంచెయు దిగి కాలిపోవును. చెత్తను పాఠశాలగా మార్చిన యిట్టి మితవ్యయబుద్ధి ధనిక దేశములకును ఆదర్శము. అయితే ఒక్క దారినే నమ్ముకొనుటలోని యపాయమును గూడ చెప్పవలయును. 2025 మే 18న సి-61 మూడవయంచె లోపముచే విఫలమైనది. రాకెట్టు ఆగినచో వేదికయు ఆగును. వేదిక ఆగినచో యువకుల ఋణముమీద వడ్డీ మాత్రమాగదు.

విదేశములలో సిద్ధముగా నమ్ముచుండగా మనమేల శ్రమపడవలయునని కొందరు వివేకులు ప్రశ్నించుచున్నారు. కొనుట తప్పుగాదు, అమ్మువాడెల్లప్పుడును అమ్మునని నమ్ముటయే తప్పు. చోదకయంత్రములు క్షిపణులకు గూడ నుపకరించునను నెపమున ఎగుమతి నిర్బంధములకు లోబడిన సరుకు. మనకిది క్రొత్త పాఠము గాదు. 1991లో క్రయోజనిక్ యంత్రములను, వాని నిర్మాణరహస్యమును ఇచ్చుటకు రష్యావారు మనతో ఒడంబడిక చేసికొనిరి. 1992 మే నెలలో అమెరికా ఆంక్షలు విధించెను. 1993లో రష్యావారు రహస్యమీయమనిరి; ఏడు యంత్రములను మాత్రమిచ్చిరి. సొంత యంత్రముతో మన జి.ఎస్.ఎల్.వి. 2014 జనవరి 5న విజయవంతముగా ఎగురునప్పటికి ఇరువదియేండ్లు గడచినవి. నేడు ఎవరును మనపై ఆంక్షలు విధింపబోవుచున్నారని మా భావము గాదు. కాని 2030 నాటి సంకల్పము మన నిర్మాతలందరిచేతను యంత్రములను గొనిపించును. స్వదేశ యంత్రములు సిద్ధముగా లేనిచో మన పవిత్రసంకల్పము పరదేశపు దుకాణదారులకు బేరముగా పరిణమించును. అంతమాత్రమే గాదు, వారు పంపుట ఆలస్యమైనపు డెల్ల మన యుపగ్రహములు శ్రీహరికోట చేరుటయు ఆలస్యమగును.

ప్రభుత్వమువారు 2024 అక్టోబరున అంతరిక్షసంస్థలకై వేయికోట్ల రూపాయల మూలధననిధిని మంజూరుచేసిరి. మంచిదే. కాని ఒక్కొక్క సంస్థవారును తమ ధనముతో తామొక నిర్వాతపాత్రను గట్టుకొనుట, ఊరిలో ఇంటికొక చెరువు త్రవ్వుకొనుటవంటిది. వేలగంటల పరీక్షకు దగిన నిర్వాతమందిరములు, మిల్లీన్యూటను నెట్టుడును దూచు త్రాసులు ఉమ్మడిగా నుండవలయును. అహమ్మదాబాదునందు ఇన్‌స్పేస్‌వారు ఉపగ్రహపరీక్షల కొక కేంద్రము నెలకొల్పియున్నారు. చోదకయంత్రముల కట్టిదే ప్రత్యేకముగా నొకటి కావలయును. హైదరాబాదును మేము సూచించుట స్వస్థలాభిమానముచే మాత్రము గాదు. టైటానియం మిశ్రలోహములు చేయు మిధాని యచ్చటనే గలదు. వికాస్ యంత్రభాగములు మలచిన కర్మాగారము యచ్చటనే గలదు. ఉపగ్రహములు గట్టు యువకసంఘములు నచ్చటనే గలవు. శ్రీహరికోటయు దూరము గాదు.

పరీక్షామందిరము కంటెను ముఖ్యమైనది కొనుగోలు. ఏటికి రెండు యంత్రములు చేయువాడు ఎంత నేర్పరియైనను వెల దగ్గింపజాలడు; రెండువందలు చేయువానికి వెల తనంతట దిగివచ్చును. ప్రభుత్వశాఖలు తమకు గావలసిన చిన్న యుపగ్రహములకు ఒకే కొలతగల స్వదేశ యంత్రములను కొన్ని సంవత్సరములకు సరిపడ ముందుగా గొందుమని వ్రాసియిచ్చినచో, వేయికోట్ల నిధికంటె అదియే యెక్కువ మేలు చేయును. తొలి యంత్రములు కొన్ని చెడిపోవును. చెడిపోయినదానిని చూపి యావత్తు ఏర్పాటును రద్దుచేయు గుమాస్తాబుద్ధికి ఇందు తావుండరాదు.

ఉపగ్రహమును దలపెట్టినది మొదలు ప్రయోగించువరకు సామాన్యముగా రెండుమూడేండ్లు పట్టును. చోదకయంత్రమేదో తొలియేటనే నిర్ణయించుకొనవలయును. దానినిబట్టియే తక్కిన కట్టడము. అనగా 2030లో ఎగురవలసిన యుపగ్రహములకు యంత్రములు 2027లోనే ఏరుకొందురు. అప్పటికి మన యంత్రములు ఎన్నిగంటలు నడచి చూపినవో వ్రాసిన కాగితము నిర్మాతలచేతిలో నుండవలయును.